బట్టతో కుట్టిన రెక్క: వారమ్ తెరచాప విశిష్టత

తెరచాప పడవను గాలి వెనకనుంచి నెడుతుందన్నది సగం నిజం మాత్రమే. పక్కగాలిలోనూ, గాలి వచ్చే దిక్కుకే ఏటవాలుగా ఎక్కిపోయేటప్పుడూ తెరచాప చేసేది రెక్క పని. దాని వంపుకు ఇరువైపులా గాలి వేర్వేరు వేగాలతో సాగడం వల్ల ఏర్పడే పీడన భేదమే పడవను ముందుకు లాగుతుంది. ఈ లాగుడులో పెద్ద పాలు గాలిని మొదట తాకే ముందంచు దగ్గరే పుడుతుంది. మామూలు విహార పడవల్లో సరిగ్గా అక్కడే తెరచాపను మోసే గుండ్రటి కొయ్య నిలబడి, వచ్చే గాలిని సుడులుగా చెదరగొట్టి, తెరచాపలోని అతి విలువైన భాగాన్ని నిస్సారం చేస్తుంది. తెరచాపల వాయుగతిశాస్త్రాన్ని జీవితకాలం పరిశీలించిన సి. ఎ. మర్హాయ్ తన గ్రంథాల్లో ఈ నష్టాన్ని విపులంగా చర్చించాడు.

దూరయాత్రికుల అవసరానికి తగినట్టు దీనికి విరుగుడు కనిపెట్టిన ఘనత బ్రిటన్‌కు చెందిన నావల రూపకర్త జేమ్స్ వారమ్ (1928–2021), ఆయన సహరూపకర్త హనెకె బూన్‌లది. పాలినీషియా ప్రజల జంట పడవల విద్యను మనసారా నమ్మిన వారమ్, స్వయంగా కట్టుకొన్న ఏడు మీటర్ల ‘టంగరోవా’లో 1955–56లో అట్లాంటిక్ దాటి ట్రినిడాడ్ చేరాడు, అక్కడ ఫ్రెంచి నావికుడు బెర్నార్ మ్వాతెసియే చేయూతతో కట్టిన ‘రొంగో’లో 1959లో ఉత్తర అట్లాంటిక్‌ను పడమర నుంచి తూర్పుకు దాటాడు. సముద్రం మీద ఇంతటి అనుభవం గడించిన మనిషి 1980ల్లో రూపొందించిన తెరచాప కనుకనే ‘వారమ్ వింగ్‌సెయిల్’లో అనవసరమైనదంటూ ఒక్కటీ కనిపించదు.

దీని కీలకం ముందంచు వెంట రెండు పొరలుగా కుట్టిన పొడవాటి తొడుగు. కొయ్య ఈ తొడుగులో ఇమిడిపోతుంది; రెండు పొరలూ కొయ్యకు ఇరువైపులా నునుపుగా సాగి వెనక ఒకే బట్టలో కలిసిపోవడంతో, అడ్డుకోత నీటిబొట్టు ఆకారానికి వచ్చి, గాలి చెదరకుండా జారిపోతుంది. పైకొనలో గాఫ్ అనే పొట్టి అడ్డుకర్ర ఉంటుంది. డచ్చి పని పడవల నుంచి తీసుకొన్న ఈ కర్ర తెరచాప తలను వెడల్పుగా నిలిపి, పైభాగం గాలికి మెలితిరిగి పోకుండా పట్టి ఉంచుతుంది. అడుగున బూమ్, అంటే తెరచాప అడుగంచును పట్టి ఉంచే అడ్డదూలం, ఉండదు. పడవ దిశ మారినప్పుడు మనుషుల తలలు పగలగొట్టే ఆ దూలం లేకపోవడం కుటుంబాలతో ప్రయాణించేవారికి చిన్న వరం కాదు. గాలి ముదిరినప్పుడు తెరచాప వైశాల్యం తగ్గించే పనిని రీఫింగ్ అంటారు; ఇక్కడ గాఫ్‌ను దించితే తొడుగు కొయ్య వెంట కిందికి జారుతుంది, ఇరుక్కుపోవడానికి లోహపు పట్టాలూ బిళ్లలూ ఉండవు.

అయితే పనితనమంతా కుట్టులో ఉంది. బట్ట పట్టీల అంచులను సన్నని వంపుతో కోసి, ఆ వంపులను ఒకదానితో ఒకటి కలిపి కుట్టినప్పుడే చదునైన గుడ్డకు రెక్క పొట్ట వస్తుంది. తొడుగు మరీ వదులైతే గాలికి కొట్టుకుంటుంది, బిగుతైతే తడిసినప్పుడు కొయ్యను కరిచి పట్టుకుంటుంది. ఈ రెంటి మధ్య కొలతను పట్టుకోగలిగిన పనివాడి చేతికి నమస్కరించవలసిందే. హనెకె బూన్ చేతితో గీసిన ప్రణాళికలు ఇలాంటి పనిని దశలవారీ బొమ్మలతో, వడ్రంగం రానివారికి సైతం అర్థమయ్యేలా చూపడం ఈ సంప్రదాయానికి దక్కిన మహాభాగ్యం. ఈ తెరచాపకు పేరుపడ్డ, వారమ్ రూపొందించిన టికీ వరుస నావల్లో ఆరున్నర మీటర్లైనా లేని టికీ 21 రకపు ‘కుకింగ్ ఫ్యాట్’లో రోరీ మెక్‌డూగల్ 1991–97 మధ్య భూగోళాన్ని చుట్టివచ్చాడంటే, ఈ రూపకల్పన సత్తాకు వేరే సాక్ష్యం అక్కరలేదు.

ప్రపంచపు చూపు మాత్రం వేరేచోట ఉంది. 2010 అమెరికాస్ కప్ తెరచాప పడవల పోటీలో గెలిచిన పడవ భారీ గట్టి రెక్కను మోసింది, అది అద్భుతమే. కానీ దాన్ని మడవలేరు, తుపానులో కుదించలేరు, నిలపడానికీ దించడానికీ క్రేన్ కావాలి. మిషెలిన్ సంస్థ 2021లో ప్రకటించిన, గాలి నింపి ఉబ్బించే రెక్క తెలివైన ప్రయత్నమే గాని, సూదీ దారమూ తప్ప మరేమీ లేని దీవిలో దాని గాలిపంపు చెడితే యాత్రికుడు ఎవరిని పిలవాలి? చినిగిన వారమ్ తెరచాపను పడవ మీదే కూర్చుని కుట్టుకోవచ్చు. దూరయాత్రకు ఇంతకన్నా గొప్ప అర్హత లేదు.

మరింత బాధ కలిగించేది చవక అనుకరణ. పట్టీలకు వంపు కోయకుండా, చదును గుడ్డకు నిలువునా ఒక తిన్నని గొట్టం అతికించి, దానికి రెక్క అని పేరు పెట్టి అమ్మడం నావికుడిని వంచించడమే. పొట్ట లేని ఆ తెరచాప ఎదురుగాలికి ఎక్కదు, ఇరుకు గొట్టం గాలివానలో కిందికి దిగదు. చివరికి నింద మాత్రం మూల రూపకర్త మీద పడుతుంది. కొలతల విలువ తెలిసిన తెరచాప పనివారు ఈ నాసిరకం పనికి లొంగిపోకూడదు. అసలు ప్రణాళికలు నేటికీ దొరుకుతున్నాయి గనుక, నావ కట్టుకొనేవారు వాటిని పనివాడి ముందుంచి, తొడుగు కొలతలోనూ పట్టీల వంపులోనూ ఏమాత్రం రాజీ పడకుండా కుట్టించుకోవాలి.