భీముకు చదువు రాదా మామా?

2022 మార్చి ఆఖరున ఎల్‌.బి.నగర్‌లో ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ చూశాను. పక్క సీట్లో మా అక్క కొడుకు. అప్పుడు వాడు దిల్‌సుఖ్‌నగర్‌ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నాడు. భీమును కట్టేసి కొరడాతో కొట్టే చోట, సుద్దాల అశోక్‌తేజ రాసిన పాట వస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. నలభై దాటిన పంతుల్ని, కర్చీఫ్ కూడా తీసుకుపోలేదు. ఇంటర్వెల్ ముందు భీము జంతువుల్ని వదిలినప్పుడు విజిల్ వేసింది కూడా నేనే. ఇవి ముందే ఒప్పుకుంటున్నాను. సినిమాలంటే పడనివాడు రాసిన విమర్శ అనుకోవద్దు.

చివర్లో రాజు, భీమును ఏం కావాలో అడుగుతాడు. భీము చదువు అడుగుతాడు. రాజు జెండా గుడ్డ మీద జల్‌, జంగల్‌, జమీన్‌ అని రాసిస్తాడు. హాలంతా చప్పట్లు. మా వాడు మాత్రం నా చెవి దగ్గరికి వంగి, “భీముకు చదువు రాదా మామా?” అన్నాడు. తర్వాత చెప్తాలే అన్నాను.

భీము జీవితం గురించి మనవాళ్లు చెప్పుకునేదీ పుస్తకాల్లో రాసిందీ ఇది. ఊరు విడిచిపోయాక విఠోబా అనే ఆయన దగ్గర చదవడం, రాయడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత అస్సాం తేయాకు తోటల్లో పనిచేశాడు. తిరిగొచ్చి, నిజాం అధికారులతో మాటకు మాట చెప్పగలిగి, జోడేఘాట్‌లో నిలబడి 1940లో ప్రాణమిచ్చాడు. జల్‌, జంగల్‌, జమీన్‌ ఆయన నినాదంగానే మన నోళ్లలో ఉంది. సినిమాలో ఆ మూడు మాటలు ఇంకొకరి చేతిరాతలో వచ్చాయి. ఇది కల్పన అని తీసినవాళ్లే చెప్పారు. నిజంగా ఆ ఇద్దరూ ఎన్నడూ కలవలేదు. ఒప్పుకుంటాను. కలవని ఇద్దర్ని కలిపేంత స్వేచ్ఛ ఉన్నప్పుడు, పలక ఎవరి చేతిలో పెట్టాలన్నదీ వాళ్ల ఇష్టమే కదా. భీమే రాసి రాజు చేతికిస్తే కథకు వచ్చే నష్టమేంటి? నిప్పు, నీరు సమానం అని మూడు గంటలు చూపించి, ఆఖరి ఐదు నిమిషాల్లో ఒకర్ని గురువుగా, ఇంకొకర్ని శిష్యుడిగా కూర్చోబెట్టారు.

ఇది నాకు ఎందుకు అంత గుచ్చుకుందో చెప్పాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి. నేను కోయవాణ్ని, భద్రాచలం వైపు. టీటీసీ అయ్యాక డీఎస్సీ కోచింగ్‌కు వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో నలుగురం ఒక గదిలో ఉన్నాం. కోణార్క్‌, వెంకటాద్రి హాళ్లు నడిచిపోయేంత దూరం. మెస్‌లో ఒక పూట మానేస్తే కింది క్లాసు టికెట్‌ వచ్చేది. ఒకరోజు ఏదో సినిమాలో హీరో నెత్తిన నెమలీకలు పెట్టుకుని, మెడనిండా పూసలు వేసుకుని, కోయదొర వేషంలో జాతకం చెప్పాడు. పేరు చెప్పను, అలాంటివి ఒకటా రెండా! వంకర తెలుగు, మధ్యమధ్య అర్థంలేని కూతలు. హాలు పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. గదికొచ్చాక నల్లగొండ తమ్ముడు చెయ్యి చాపి, “అన్నా, నువ్వు కోయోళ్లే గదనే, డీఎస్సీ వస్తదో రాదో చెప్పరాదు?” అన్నాడు. వాడిది చెడ్డ మనసు కాదు. జ్వరమొస్తే నాకు ఇడ్లీ తెచ్చిపెట్టినవాడే. కానీ వాడు మా జాతి గురించి చూసిందల్లా ఆ తెర మీదే. నీళ్లను మేం ఏమంటామో ఆ సినిమా తీసినవాళ్లు ఏ కోయమనిషినీ అడగలేదు. అడిగితే ‘ఏర్’ అంటామని చెప్పేవాళ్లం. కూతలు కనిపెట్టే శ్రమ తప్పేది.

పాతవాటిలో ‘అడవి రాముడు’ (1977) నాకు ఇప్పటికీ ఇష్టం. ఎన్టీఆర్‌ నడకకే డబ్బులు చెల్లు. అందులో మనవాళ్లు చేసే పనల్లా కాపాడేవాడి కోసం ఎదురుచూడడం. కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ (1974) అంతకంటే గట్టి సినిమా. గంటందొర, మల్లుదొర అందులో ఉన్నారు, హీరో వెనకాల. ఆ మల్లుదొరే 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడని మా పిల్లలకు చెబితే నమ్మరు. తిరుగుబాటుదారుడు పార్లమెంటు మెట్లెక్కిన కథ సినిమా కాకపోతే ఇంకేది సినిమా?

అల్లాణి శ్రీధర్‌ ‘కొమరం భీం’ 1990లో తయారై, 2010లో గానీ హాళ్లకు రాలేదు. ఇరవై ఏళ్లు. డబ్బు లేమి తెర మీద కనిపిస్తుంది, అక్కడక్కడ సాగుతుంది కూడా. అయినా అందులో భీము ఎవరికీ తమ్ముడు కాదు. నేను పిల్లలకు చూపించేది అదే. వాళ్లు సగంలో ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ పెట్టమంటారు, అది వేరే సంగతి.

‘పుష్ప’ (2021) గురించి నాకూ మా అల్లుడికీ ఇప్పటికీ పడదు. కూలివాడు యజమాని ముందు కాలుమీద కాలు వేసుకుని కూర్చుంటే నేనూ ఊగిపోయాను. కానీ శేషాచలంలో 2015 ఏప్రిల్‌ 7న పోలీసు కాల్పుల్లో ఇరవైమంది చనిపోయారు. వాళ్లు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు, అందులో చాలామంది కొండల్లోని గిరిజనులు. ఆ గొడ్డలి పట్టిన మనిషి సినిమాలో గుంపులో ఒకడు, అంతే. “హీరో సినిమాలో కూలీల లెక్క అడుగుతావేంది మామా” అంటాడు మా వాడు. అడుగుతాను.

కాలుమీద కాలు ఇంకోచోట కూడా చూశాను. ‘జై భీమ్‌’, అదే ఏడాది, తెలుగు డబ్బింగ్‌లో, ఫోన్లో. ఇరుళ తెగ ఆడమనిషి సినతల్లి, తన భర్త లాకప్‌లో ఏమయ్యాడో తేల్చమని కోర్టుకెక్కుతుంది. అక్కడా గెలిపించేది బయటి లాయరే. ఆ లోటు ఉంది. కానీ డబ్బుతో నోరు మూయించబోతే వద్దని లేచి వచ్చేది ఆమె. చివర్లో ఆమె కూతురు లాయరు ఎదుట కుర్చీలో కూర్చుని, పేపర్‌ తీసి, ఆయన లాగే కాలుమీద కాలు వేసుకుంటుంది. ఒక్క క్షణం జంకి కాలు దించబోతే, ఆయన పర్లేదన్నట్టు చూస్తాడు. పేపర్‌ ఆ పిల్ల చేతిలోనే ఉంటుంది. ఎవరూ రాసివ్వలేదు.

మా అల్లుడి ప్రశ్నకు ఆ రాత్రే జవాబు చెప్పాను. చైతన్యపురి దాకా నడుస్తూ విఠోబా సంగతి, అస్సాం సంగతి, ఆదిలాబాద్‌ జిల్లా గుంజాలలో గోండి లిపిలో దొరికిన రాతప్రతుల సంగతి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చిందంటే వాడు అక్కడే ఆగి ఫోన్లో వెతికాడు. అక్షరాలు కనిపించాక, “మరి నువ్వు విజిల్ ఎందుకేశావు?” అన్నాడు.

వారం తర్వాత ఇద్దరం మళ్లీ అదే సినిమాకు పోయాం. అదే పాటకు మళ్లీ ఏడ్చాను. రాజు, భీమును ఏం కావాలో అడిగే ముందే లేచి బయటికొచ్చి, చౌరస్తాలో భద్రాచలం బస్సు కోసం నిలబడ్డాను. మా వాడు మాత్రం పూర్తిగా చూసే వచ్చాడు.