కుర్చీని కుర్చీగా చూసిన చేయి

నికోబార్‌లోని నాన్‌కౌరీ ప్రాంతపు ఇళ్ళలో ఒకప్పుడు వేలాడదీసిన బొమ్మల పలకలను 'హెంతా' అంటారు. ఇంట్లో జబ్బు చేస్తే 'మెన్లువానా' అనే వైద్యుడు చెప్పినట్టు చెక్క మీదో పోకమట్ట మీదో బొమ్మలు వేయించేవారు. దుష్టాత్మలు పారిపోతాయని నమ్మకం. మ్యూజియం చీటీలు ఇంతవరకే చెబుతాయి. మన హేతువాద మిత్రులు 'మూఢనమ్మకం' అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఇద్దరూ బొమ్మను చూడరు.

నమ్మకాన్ని మేము సమర్థించడం లేదు. జబ్బుకు మందే కావాలి. కానీ ఆ పలక మీద ఏముంది? సూర్యచంద్రులు, ఓడలు, చేపలు. వాటి మధ్యే బల్ల, కుర్చీ, గడియారం, చెంచాలు. ఓడలవాళ్ళకు కొబ్బరికాయలిచ్చి తెచ్చుకున్న సామాను అది. వస్తువు ధరను కొబ్బరికాయల్లో ఎలా లెక్కగట్టేవారో ఇ.హెచ్.మాన్ రాసిపెట్టాడు. నాన్‌కౌరీ రేవులో 1869 నుంచి 1888 వరకు నడిచిన బ్రిటిష్ ఖైదీల స్థావరంలో అధికారిగా పనిచేసినవాడాయన. బొమ్మల్లో నీడలు లేవు, కొలతలు కుదరవు. అయినా కాళ్ళెన్ని, వీపు ఆనేదెక్కడ అని వస్తువును తెలుసుకున్న చేయి గీసిన గీత అది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటమని ధమ్మంలో మనం చెప్పుకునేదానికి ఇది దూరమేమీ కాదు. మాకు అందం అక్కడే కనిపించింది.

మాన్ సేకరించిన వస్తువులున్న బ్రిటిష్ మ్యూజియంలోనే మన అమరావతి శిల్పాలూ ఉన్నాయి. వాటిలోని ఖాళీ ఆసనాన్ని బుద్ధుని గుర్తు అని అందరూ చెబుతారు. ఆ పీట కాళ్ళను, దాని మీది దిండును శిల్పి ఎంత ఓపికగా చెక్కాడో చెప్పేవారు తక్కువ.

కుర్చీ మనకు చిన్న విషయం కాదు. చిన్ననాటి భీమ్‌రావు బడిలో కూర్చున్నది ఇంటి నుంచి మోసుకెళ్ళిన గోనెపట్టా మీద. పెద్దకులాల వారి ఎదుట నులకమంచం మీద కూర్చున్నందుకు దెబ్బలు తిన్న పెద్దలు మన పల్లెల్లో ఉన్నారు. హోటల్లో గ్లాసు వాడనివ్వకపోవడం నేరమని చెప్పడానికి 1955లో చట్టమే చేయాల్సి వచ్చింది. అలాంటి మనం గీసిన కుర్చీని 'ఇదేం కళ' అని దాటిపోవడం మాకు నచ్చదు.

నాన్‌కౌరీకి ఎవరుపడితే వారు వెళ్ళడానికి లేదు. ఆదివాసుల రక్షణకు 1956లో చేసిన రెగ్యులేషన్ ఆపుతుంది. ఆపడమే సరైనది. 2004 సునామీ అక్కడి ఇళ్ళను, ఇంటి సామానునూ ఊడ్చుకుపోయింది. అందుకే మ్యూజియాల్లో మిగిలిన పలకల పక్క చీటీల్లో ఆత్మల సంగతితోపాటు ఆ బల్లకు, కుర్చీకి కూడా ఒక వాక్యం రాయమని అడగాలి. గీసినవారి పేర్లు ఎలాగూ లేవు.