గుగ్గిలంలో కీటకం, సానపట్టే చేయి

గుజరాత్‌లోని వస్తాన్, తడ్కేశ్వర్ లిగ్నైట్ గనుల్లో దొరికే ఆంబర్, అంటే సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం గుగ్గిలం చెట్ల కుటుంబానికి చెందిన వృక్షాల నుంచి కారి, మట్టిలో పూడి గట్టిపడిన జిగురు, తనలో చిక్కిన కీటకాలను రెక్కల ఈనెలతో సహా కాపాడింది. అయితే అందులోని కొత్త జాతి వెలుగు చూడాలంటే ముందుగా చేతి ఒడుపు కావాలి.

పెళుసైన ముక్క చిట్లకుండా దాన్ని ఎపాక్సీ అనే పారదర్శకమైన రెసిన్‌లో పోతపోసి, కీటకం వీపు, పక్కభాగం కనిపించే కోణాల్లో కోసి (చచ్చిన పురుగు పరిశోధకుడికి అనుకూలంగా పడుకోదు కదా), తడిపిన గరుకు కాగితాల మీద ముతక నుంచి నునుపుకు మారుతూ అరగదీస్తారు. మిల్లీమీటరు పొడవైనా లేని ఈగ కాలి వెంట్రుక పైపొరకు చేరువయ్యే కొద్దీ మాటిమాటికీ సూక్ష్మదర్శినిలో చూసుకోక తప్పదు, ఎందుకంటే ఒక్క రుద్దు ఎక్కువైతే జాతిని పట్టిచ్చే ఆనవాలే పొడిగా రాలిపోతుంది. మిగిలిన గీతల మీద గ్లిజరిన్ చుక్క వేసి పలుచని గాజుపలక మూస్తే, వెలుతురు చెదరక లోపలిది తేటపడుతుంది. ఖంబాత్ ఆంబర్ అని పిలిచే ఈ గుజరాత్ ఆంబర్ పూర్తిగా గట్టిపడనందువల్ల, టోలుయీన్, క్లోరోఫామ్ వంటి ద్రావకాలతో దాన్ని కరిగించి కీటకాన్ని బయటికి తీయవచ్చునని 2010లో వెలువడిన అధ్యయనం చూపింది.

ఆపై ఈనెల చీలికలను, మీసాల కణుపులను లెక్కించి, కొలిచి, బొమ్మ గీసి, దగ్గరి జాతులతో ఉన్న తేడాలను క్లుప్తంగా రాస్తారు; ఆ పొడి వాక్యాల్లో ఒక్క విశేషణమూ వృథా కాకపోవడమే వాటి అందం. పేరుకు ఆధారమైన ఏకైక నమూనాను, అంటే హోలోటైప్‌ను, మ్యూజియంలో భద్రపరచి దాని సంఖ్యను ప్రకటిస్తారు కనుక, సందేహం కలిగిన పరిశోధకులు ఆ ముక్కనే మళ్లీ పరీక్షించవచ్చు.