తాటినీడన పుట్టిన ఆంగ్లపదములు

మంచు కురియు దేశమున పుట్టి పెరిగిన ఆంగ్లభాషకు తాడిచెట్టుతో గాని కొబ్బరిచెట్టుతో గాని జన్మసంబంధ మేమియు లేదు. ఇంగ్లండు నేలపై తాళజాతి వృక్షము తనంత తాను మొలచి పెరుగదు. అయినను ఆ భాషయొక్క నిఘంటువును తిరుగవేయుచో, ఆ వృక్షజాతి పేరనో, దాని యాకు, కాయ, పీచు, నీరు మొదలగువాని పేరనో యేర్పడిన పదములు పెక్కు కానవచ్చును. అందు కొన్ని రోమక, యవన వాఙ్మయముల వెంట వచ్చినవి. కొన్ని పోర్చుగీసు నావికుల నోట మలబారు తీరమునుండి ఓడలెక్కినవి. కొన్ని మలయద్వీపముల యడవులలో పుట్టినవి. మఱికొన్ని రసాయనశాస్త్రజ్ఞుల ప్రయోగశాలలలో రూపొందినవి. వీనిని వరుసగా పరిశీలించినచో, చెట్టును దూరమునుండి చూచి మెచ్చినవా రిచ్చిన పేరులకంటె, ఆ చెట్టునెక్కి, గీసి, పీచు నానబెట్టి, త్రాడు పేని, ఆకుపై వ్రాసి బ్రదికినవారు పలికిన పేరులే యెక్కువగా దేశాంతరముల కేగిన వని తేటపడును. కనుక ఈ పదముల యర్థమును తెలిసికొనుట యనగా ఆయా వృత్తుల మర్మమును తెలిసికొనుటయే.

మొదట గ్రంథముల వెంట వచ్చిన పదములను చూతము. తాళజాతి కంతకును ఆంగ్లమున 'పామ్' అని పేరు. లాటిన్ భాషలోని 'పాల్మా' శబ్దము దీనికి మూలము. ఆ శబ్దమునకు అరచేయి యని ప్రథమార్థము. విప్పారిన ఆకు వ్రేళ్లు చాచిన హస్తమును తలపించుటచేత ఆ పేరు చెట్టునకు సంక్రమించినది. హస్తసాముద్రికమును 'పామిస్ట్రీ' యనుట చేతి యర్థమును బట్టియే గాని చెట్టును బట్టి కాదు. ప్రాచీన రోమునందు క్రీడలలో గెలిచినవానికి ఈ చెట్టు మట్టను బహూకరించు ఆచార ముండుటచే 'పాల్మా' యనునది విజయమునకు పర్యాయపదమయ్యెను. ఫ్రాన్సు దేశమందలి కాన్ నగరమున జరుగు చలనచిత్రోత్సవమున 1955 నుండి ఉత్తమచిత్రమునకు స్వర్ణతాళ మిచ్చుటయు ఆ సంప్రదాయమును స్మరింపజేయుచున్నది. యేసు యెరూషలేమున ప్రవేశించినపుడు జనులు ఖర్జూరపు మట్టలు పట్టుకొని యెదురేగినందుకు గుర్తుగా ఆంగ్లేయు లొక యాదివారమునకు పామ్ పేరు పెట్టగా, మన క్రైస్తవులు దానినే మట్టల ఆదివారమని చక్కని తెలుగున వ్యవహరించుచున్నారు. ఆ పుణ్యభూమిని దర్శించి మట్టను చేతబూని తిరిగివచ్చు యాత్రికుని మధ్యయుగపు ఇంగ్లండులో 'పామర్' అనిరి. నేడది ఆ దేశమున మిక్కిలి వాడుకలోనున్న ఇంటిపేరు.

ఖర్జూరఫలమునకు ఆంగ్లమున 'డేట్' అను పేరును చేతినుండియే వచ్చినది. గ్రీకున 'డాక్టిలోస్' అనగా వ్రేలు. ఆ శబ్దమే లాటిన్, ఫ్రెంచి భాషలలో అరుగుచు అరుగుచు ఏకాక్షరప్రాయమై మిగిలెను. గ్రీకులు సెమిటిక్ భాషలనుండి విన్న వేఱొక మాటనే తమ వ్రేలిమాటకు సరిపుచ్చుకొని రని కొందఱు భాషావేత్తల యభిప్రాయము. తేదీ యను నర్థమున వాడు 'డేట్' మాత్రము వేఱు. అది ఉత్తరముల చివర 'ఇయ్యబడినది' యను నర్థమున వ్రాయుచుండిన లాటిన్ 'డేటా' నుండి పుట్టినది. ఖర్జూరవృక్షమునకు గ్రీకు పేరైన 'ఫీనిక్స్'ను వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఆ ప్రజాతికి శాస్త్రనామముగా గ్రహించెను. మన పొలముగట్లపై ముండ్లతో నిలిచియుండు ఈతచెట్టు ఆ శాస్త్రమున 'ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్', అనగా అడవి ఖర్జూరము.

ఇంతవఱకు చెప్పినవి విజేతలకు, యాత్రికులకు, పండితులకు సంబంధించిన మాటలు. 1498లో వాస్కో డ గామా కళ్లికోట తీరమును చేరిన పిమ్మట వచ్చిన మాటల తీరు వేఱు. పోర్చుగీసులు తమ భాషలో తాళవృక్షమున కంతకును 'పల్మేయిరా' యందురు. దక్షిణభారతమున వారు విశేషముగా చూచినది తాడియే గనుక ఆ సామాన్యనామము తాడికి విశేషనామమైనది. ఆంగ్లేయు లా మాటను వారినుండి గ్రహించి, సిరియా దేశపు ప్రాచీననగరమైన పామైరా పేరును బోలినట్లు వర్ణక్రమము మార్చి, తాడిచెట్టును 'పామైరా' యనిరి. లిన్నేయసు 1753లో దానికి 'బొరాసస్ ఫ్లాబెలిఫెర్' అని పేరిడెను. రెండవపదమునకు విసనకఱ్ఱను ధరించినది యని యర్థము. తాటాకు విసనకఱ్ఱ నెఱిగిన తెలుగువానికి ఆ పేరులోని యౌచిత్యము వివరింప నక్కరలేదు.

తాడి పేరున ఆంగ్లమున స్థిరపడిన పదములలో 'టాడీ' ముఖ్యమైనది. సంస్కృతమున 'తాళము', హిందూస్థానీలో 'తాడ్'. దాని నీరు 'తాడీ'. ఆ మాట పదునేడవ శతాబ్దమున ఆంగ్లమున ప్రవేశించి, తరువాతి శతాబ్దమున స్కాట్లండు చేరి, విస్కీలో వేడినీళ్లు, చక్కెర కలిపిన పానీయమునకు పేరైనది. అక్కడ దాని త్రాగువారిలో అనేకులకు మూలమందలి చెట్టు ఎట్లుండునో తెలియదు. కాని ఆ చెట్టునుండి నీరు దీయు విద్య సామాన్యమైనది కాదు.

గీతకాడు నడుమునకు ముస్తాదు కట్టి, మోకును చెట్టుచుట్టును తన నడుముచుట్టును త్రిప్పి, కాళ్లకు బంధము తగిలించుకొని, దేహభారమును మోకుపై నాని పాదములతో మానును పట్టుచు అంచెలంచెలుగా ఎక్కును. తాడిలో ఆడుచెట్టు వేఱు, మగచెట్టు వేఱు. పండుతాడు, పోతుతాడు అని తెలంగాణమున వానికి పేర్లు. ఏ చెట్టు గెలను ఎప్పుడు కట్టవలెనో, ఎంత సున్నితముగా నొక్కి మెత్తపఱుపవలెనో, కొన నెంత పలుచగా చెక్కవలెనో అతడు అభ్యాసముచేత నెఱుగును. కత్తి కొంచెము లోతుగా దిగినచో గెల చెడును. చాలినంత దిగనిచో గాయము మూసికొని నీరు నిలిచిపోవును. అందుచేత ఉదయసాయంకాలములందు చెట్టెక్కి ప్రతిసారియు కాగితమంత పలుచని పొరను మాత్రమే తీసి, దిగువ లొట్టి కట్టి దిగును. గెలనుండి స్రవించునపుడు ఆ నీరు మధురము; గాలిలోని సూక్ష్మజీవులు సోకిన కొన్ని గంటలలోనే పులిసి కల్లగును. లొట్టి లోపల సున్నము పూసినచో పులియుట యాగి తియ్యని నీరాగా నిలుచును. ఒకే చెట్టు, ఒకే గెల, ఒకే నీరు. కొంచెము సున్నపుపూతచే అది పానకమో మద్యమో కాగలదు.

ఆ సున్నపుపూత వలననే 'జాగరీ' యను మఱియొక పదమునకు అవకాశము గలిగినది. తియ్యని నీరును వెడల్పైన పాత్రలో పోసి, పైకి తేలిన మలినమును తీయుచు, చిక్కబడువఱకు కలియబెట్టుచు కాచి, కొబ్బరిచిప్పలలో పోసి ఆఱనిచ్చినచో తాటిబెల్లము సిద్ధించును. సంస్కృతమందలి 'శర్కరా' శబ్దము దక్షిణదేశభాషలలో చేరి, పోర్చుగీసుల నోట 'జాగరా'యై, ఆంగ్లమున 'జాగరీ'యైనది. మొదట ఆ మాటతో వారు ప్రధానముగ తాళజాతి చెట్ల బెల్లమునే నిర్దేశించిరి. అదే 'శర్కరా' శబ్దము పారశీక, అరబ్బు దేశముల మీదుగా ఐరోపా చేరి 'షుగర్' అయ్యెను. ఒకే తల్లి కడుపున బుట్టి, ఒకటి భూమార్గమునను, ఒకటి సముద్రమార్గమునను పయనించిన ఈ తోబుట్టువు లిద్దఱును ఆంగ్లనిఘంటువున తిరిగి కలిసికొనిరి.

కొబ్బరి విషయమునకు వత్తము. సంస్కృతమున నారికేళము, పారశీకమున 'నార్గీల్'. కొబ్బరిచిప్పను నీటిపాత్రగా నమర్చి పొగ పీల్చు సాధనమునకు 'నర్గిలే' యను పేరు అక్కడనుండియే వచ్చినది. పోర్చుగీసు నావికులు మాత్రము టెంకపైనున్న మూడు కన్నులను చూచి, తమ దేశమున పిల్లలను భయపెట్టు బూచి పేరగు 'కోకో'ను దానికి తగిలించిరి. ఆ పేరునకు 'నట్' చేర్చి ఆంగ్లేయులు 'కోకోనట్' అనిరి. ఇది చూచినవారి మాట. కొబ్బరితో బ్రదికినవారి మాటలు 'కోప్రా', 'కాయిర్' అనునవి.

మలయాళమున 'కొప్ప్ర', మన 'కొబ్బరి' సజాతీయపదములు. పగులగొట్టిన చెక్కలను ఎండలోనో పొగపైనో ఆఱబెట్టి, సగమువఱకు నున్న తేమను నూటికి ఆఱు పాళ్లకు దింపినచో నూనె తీయుటకు తగిన 'కోప్రా' యగును. కాయను పగులగొట్టక లోపలనే యెండనిచ్చి కురిడీ చేయు పద్ధతి మన కోనసీమవారు బాగుగా నెఱుగుదురు. ఇక 'కాయిర్' మలయాళపు 'కయఱు'. పురిపెట్టి పేనబడునది యని దాని భావము. కాయల డొక్కలను ఉప్పుటేటి నీటిలో నెలల తరబడి నానబెట్టగా పీచును అంటియుండు మెత్తని భాగము కుళ్లి విడిపోవును. పిమ్మట కొయ్యసుత్తులతో మోది, పీచు విదలించి, ఎండబెట్టి త్రాడు పేనుదురు. ఉప్పునీట పాడుగాని ఈ త్రాటితో అరబ్బులు ఇనుపమేకు లక్కరలేకుండ పలకలను కుట్టి ఓడలు నిర్మించుచుండిరి. 1859లో జేమ్స్ డారా అలెప్పీలో తొలి కాయిర్ కర్మాగారమును స్థాపించిన పిదప ఆ పదము ప్రపంచపు వాకిళ్ల కెల్ల చేరినది. పోకచెట్టుకు 'అరేకా' యను పేరు కూడ మలయాళపు 'అడక్క' నుండి పోర్చుగీసుల ద్వారా వచ్చినదే.

తాళపత్రలేఖనము వలన రెండు పదములు ఆంగ్లమున చేరినవి. సంస్కృతపు 'తాళపత్రము' దేశభాషలలో మాఱి 'టాలిపాట్' అయి, మన శ్రీతాళమునకు పేరైనది. అది దశాబ్దములు పెరిగి, ఒకేసారి బ్రహ్మాండమైన పూగుత్తి వేసి, కాయలు పండినపిదప మరణించును. సింహళమున బందీగా చిక్కిన రాబర్ట్ నాక్స్ 1681లో ప్రకటించిన తన గ్రంథమున ఆ చెట్టు ఆకు ఒక్కటి పదునైదిరువదిమందికి వాన తగులకుండ కప్పగల దని వర్ణించెను. వ్రాయుటకు సిద్ధపఱచిన ఆకునకు తమిళమున 'ఓలై', మలయాళమున 'ఓల'. ఆంగ్లేయులు దానినే 'ఓలా' యనిరి. మనము దానిని 'కమ్మ' యంటిమి. కమ్మయే ఉత్తరము, కమ్మయే చెవినగ.

లేత ఆకులను కోసి, ఈనెలు తీసి, పసుపు కలిపిన నీట నుడికించి, నీడన ఆఱబెట్టి, నునుపుచేసి, సమముగా కత్తిరించి, రంధ్రము చేసి దారమున గూర్తురు. లేఖకుడు ఎడమచేత ఆకును, కుడిచేత గంటమును పట్టి, ఎడమ బొటనవ్రేలి యానికతో గంటమును నడుపుచు ఆకును చీల్చకుండ గీయును. అప్పటికి అక్షరములు కంటికి స్పష్టముగా నగపడవు. దీపపు మసిని నూనెతో గాని ఆకుపసరుతో గాని రుద్ది తుడిచిన పిమ్మట గీతలలో నిలిచిన నలుపుచే అవి ప్రకాశించును. చెదకును తేమకును ఓర్చి కొన్ని శతాబ్దములు నిలుచు నీ గ్రంథములను, శిథిలము కాకమునుపే తిరిగి వ్రాయించుట మన పెద్దల యలవాటు. మనకు నేడు దక్కిన కావ్యములు అట్టి తరతరముల పునర్లేఖనముచేతనే దక్కినవి.

మలయభాషనుండి వచ్చిన 'సేగో', 'రట్టన్' అను రెండింటిని గూర్చి కొంచెము చెప్పవలెను. మొదటిది సాగుచెట్టు మానులోని దవ్వనుండి తీసిన పిండి. మన 'సగ్గుబియ్యము'న ఆ పేరు నిలిచినది గాని, సామర్లకోట ప్రాంతమున దానిని కఱ్ఱపెండలముతో చేయుదురు. రెండవది నూఱు మీటర్లకు మించి ప్రాకగల తీగతాళము. దానిని మనవారు పేము అందురు. ముండ్లతొడుగు నొలిచి చెక్కుటను సూచించు మాటనుండి ఆ పేరు పుట్టినదని చెప్పుదురు.

పందొమ్మిదవ శతాబ్దమున ఆఫ్రికా పశ్చిమతీరపు తాళతైలము సబ్బులకును కొవ్వొత్తులకును ముడిసరుకైనది. 1840లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు ఎడ్మండ్ ఫ్రేమీ దానినుండి వేఱుపఱచిన ఆమ్లమునకు 'పామిటిక్' అని పేరు గలిగెను. తెలుగిండ్లకు చౌకధరల దుకాణములనుండి వచ్చిన 'పామోలిన్' ఆ నూనెయొక్క ద్రవభాగమే. కాని 1942లో హార్వర్డు విశ్వవిద్యాలయమున లూయీ ఫీజర్ బృందము రూపొందించిన దాహకపదార్థమునకు, నాఫ్తెనిక్, పామిటిక్ ఆమ్లముల పేళ్ల తొలిభాగములను కలిపి 'నేపామ్' అని పేరిడుటచే, విజయమునకును తీర్థయాత్రకును గుర్తైన శబ్దము వియత్నాము పల్లెలను దహించిన అగ్నికి నామమయ్యెను. వృత్తినుండి పుట్టిన మాట అన్నము పెట్టినది. యుద్ధమునకై కూర్చిన మాట ప్రాణములు దీసినది. ఇది మఱవదగినది కాదు.

ఈ పదములలో పెక్కింటిని యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' కోశమున ఆదరముతో సేకరించిరి. పరాయిభాష తాను అరువుతెచ్చుకొన్న మాటలనే అంత శ్రద్ధతో లెక్కగట్టుకొనగా, ఆ మాటలకు పుట్టినిల్లయిన వృత్తుల పరిభాషను మనమెంత శ్రద్ధతో కాపాడవలెను! భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయపదములను పొలమునకు పోయి, రైతు నోట విని, సేకరించు మార్గమును చూపినది. ఆ మార్గముననే గీతకాండ్ర, పీచుపనివారల, చాపలల్లువారల మాటలను, ఒక్కొక్క పనిముట్టు బొమ్మతో, ఒక్కొక్క పని క్రమముతో, జిల్లాల వారీగా వ్రాసి యుంచవలసియున్నది. మోకు, ముస్తాదు, లొట్టి, కురిడీ, కమ్మ అను మాటలు 'టాడీ', 'కోప్రా'ల కంటె ఏ మాత్రమును తక్కువవి కావు. అవి ఓడలెక్కి పోలేదు గనుక, వానిని రక్షించు బాధ్యత మన యొక్కరిదే.