గ్రీన్ స్క్రీన్ వేగము

ఏఎస్/400 యంత్రములతో చిరకాలము కాపురము చేసిన ప్రోగ్రామరులలో ఒకడనైన నేను, ఆ యంత్రముమీదనే నడచు రెండు విధముల అప్లికేషన్లను, అనగా అందరును ‘గ్రీన్ స్క్రీన్’ అని పిలుచు 5250 టెర్మినలు తెరలను, వాటి స్థానమున వచ్చిన బ్రౌజరు పుటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడెల్ల, ప్రాసెసరు ఒకటియే, డేటాబేసు ఒకటియే, లెక్కలు వేయు, ఆర్పీజీ భాషలో వ్రాసిన ప్రోగ్రాము సైతము తరచుగా ఒకటియే అయియుండగా, ఒకటి మీట నొక్కిన వెంటనే పలుకుటయు, రెండవది జాగు చేసి పలుకుటయు నాకు వింతగా తోచుచుండును. బొమ్మలు లేని తెర వేగముగా వచ్చుటలో వింత యేమున్నదని కుర్రవారందురు. అది సగము నిజము. ఆ సగము అంత రుచికరమైనది కాదు.

1988 జూన్ 21న ఐబీఎం ప్రకటించిన ఈ యంత్రము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున రోచెస్టరు నగరమందు రూపొందినది. దాని టెర్మినలు తెరపై సాధారణముగా 24 వరుసలు, వరుసకు 80 అక్షరములు, వెరసి 1,920 స్థానములు. టెర్మినలును యంత్రమునకు కలుపు ట్వినాక్స్ కేబులు వేగము సెకనుకు 10 లక్షల బిట్లు. ఒక్క కేబులుపై ఏడు టెర్మినళ్లవరకు వరుసగా తగిలింపవచ్చును. నేటి సెల్‌ఫోను ముందు లెక్కలోనికి రాని ఈ వేగము చాలినదనుటకు కారణము, మోయవలసిన బరువు అల్పముగా నుండుటయే: గుమస్తా టైపు చేయు అక్షరములు ఎంటర్ మీటనో ఫంక్షన్ మీటనో నొక్కువరకు ప్రధాన ప్రాసెసరు దృష్టికే రావు, నొక్కిన పిమ్మటను మారిన ఫీల్డులు మాత్రమే ప్రయాణము కట్టును.

అసలు రహస్యము మరియొకచోట నున్నది. ఉదయము గుమస్తా సైన్ ఆన్ చేయగనే అతని పేర ఒక జాబ్ పుట్టి, సైన్ ఆఫ్ చేయువరకు అతనిదిగానే బ్రదికియుండును. ఒకసారి తెరచిన ఫైళ్లు తెరచియే యుండును. ఏ కస్టమరు, ఏ ఆర్డరు, ఏ వరుస అను వివరమంతయు ప్రోగ్రాము చేతబట్టుకొని తెరవద్ద నిలిచియుండును. బ్రౌజరు పుటలను మోయు హెచ్‌టీటీపీ యన్ననో, ప్రతి కోరికను క్రొత్త ముఖమును చూచినట్లే చూచును. వచ్చినదెవరు, పని ఎంతవరకు నడచినది అని మరల విచారింపవలెను. వేరొక జాబ్ దానిని అందుకొనవలెను. మూసిన ఫైళ్లను తెరువవలెను. ఈ యంత్రముమీద ఫైలును తెరచుట, అందులోని ఒక రికార్డును చదువుటకంటె ఎంతో ఖరీదైన పని యని ఆర్పీజీ వ్రాసిన ప్రతివానికిని తెలియును. అందువలననే బ్రౌజరు కోరికలకు బదులిచ్చు సీజీఐ ప్రోగ్రాములు వ్రాయువారు, ప్రోగ్రాము పని ముగిసినదని తెలుపు ఎల్ఆర్ ఇండికేటరును ఆన్ చేయక తిరిగిపోవు ఉపాయమును పన్నిరి. అట్లు చేసినచో ప్రోగ్రాము మెమరీలోనే నిలిచి, ఫైళ్లు తెరచియుండి, మరుసటి పుట చురుకుగా వచ్చును. కాని నిలిచిపోవునవి ఫైళ్లు మాత్రమే కావు, వేరియబుల్సులోని విలువలు కూడ. జాగ్రత్త తప్పినచో ఒక కొనుగోలుదారుని బకాయి మరియొకని తెరపై ప్రత్యక్షమగును.

ఇందులోని విడ్డూరమొకటి చెప్పకపోలేను. 1990ల చివరినుండి కొంతకాలము ఐబీఎం పలు మాడళ్లలో 5250 పనికి వాడదగిన ప్రాసెసరు శక్తిని వేరుగా, మిక్కిలి హెచ్చు ధరకు అమ్మెను. కొన్న పరిమితిని మించి గ్రీన్ స్క్రీన్ పని సాగినచో వ్యవస్థయే దానిని మందగింపజేసెడిది. బ్రౌజరు పనికి ఈ కట్టడి లేదు. తక్కువ తిను దానికి సుంకము, ఎక్కువ తిను దానికి స్వేచ్ఛ! ఆ సుంకము తప్పించుకొనుటకై జావాను, వెబ్ అప్లికేషన్లను నడపు వెబ్‌స్ఫియరును చిన్న యంత్రములపై దింపుకొన్నవారికి మెమరీ చాలక వేరొక ఖర్చు ఎదురయ్యెడిది.

ఇక ఏ తెర ఎవరికి తగునందురా, నెలకొకసారి తన బిల్లు చూచుకొను డీలరునకు గ్రీన్ స్క్రీన్‌లోని ఎఫ్3, ఎఫ్12 మీటల మర్యాదలు నేర్పబూనుట మూర్ఖత్వము. వానికి బ్రౌజరే తగినది. దినమంతయు ఆర్డర్లు ఎక్కించు ఆపరేటరు సంగతి వేరు. ఐబీఎంకే చెందిన డోహర్టీ, థడానీ అనువారు 1982లో వెలువరించిన పత్రమున, ప్రత్యుత్తరము సెకనులోపు వచ్చునప్పుడు, యంత్రము ఆదా చేసిన కాలమునకు మించి మనుష్యుని పని పెరుగునని, వాని ఆలోచనయు చురుకెక్కునని చూపిరి. ఆరితేరిన ఆపరేటరు తదుపరి తెర రాకముందే దానికి కావలసిన అక్షరములను కొట్టివేయును. టెర్మినలు వానిని దాచియుంచి, తెర రాగానే యథాస్థానమున నింపును. బ్రౌజరు పుట మారు నడుమ కొట్టిన అక్షరములకు దిక్కు లేదు. పుటల సగటు కాలమును కొలిచి నివేదికలు సమర్పించు కన్సల్టెంట్లు ఈ నష్టమును ఏ గడిలోను వ్రాయరు. క్రొత్త అప్లికేషనును ఆమోదించుటకు ముందు అట్టి ఆపరేటరును ఒక పూట కీబోర్డువద్ద కూర్చుండబెట్టి, ఎంటర్ మీటకును మరుసటి అక్షరమునకును నడుమ వాని వ్రేళ్లు ఎన్నిమారులు ఆగవలసివచ్చినదో లెక్కించుట వారికి అసాధ్యమేమియు కాదు.