అతుకు దగ్గరే అసలు పని

అపార్ట్‌మెంటులో కాపురముండే హ్యామ్‌కి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియో స్టేషన్ నడుపుకునే మనిషికి, పెద్ద చిక్కు టెర్రస్ దగ్గర వస్తుంది. 7 మెగాహెర్ట్జ్ మీద, అంటే 40 మీటర్ల బ్యాండులో మాట్లాడాలంటే మామూలు డైపోల్ యాంటెన్నాకి 20 మీటర్ల తీగ కావాలి. ఆ తీగ వాటర్ ట్యాంకు మీదుగా పోతే ప్లంబర్‌కి అడ్డం, దండేల మీదుగా పోతే బట్టలారేసుకునేవాళ్లకి అడ్డం. "సెల్ టవర్ పెడుతున్నారా ఏంటండీ?" అని అసోసియేషన్ మీటింగులో ఎవరో ఒకరు అడిగి తీరతారు. అలా ఇరుక్కుపోయినవాళ్లకి దొరికిన దారి మాగ్నెటిక్ లూప్. మీటరు అడ్డకొలత ఉన్న రాగి వలయం అది. బాల్కనీలో ఇమిడిపోతుంది, పనైపోయాక తీసి తలుపు వెనకాల పెట్టుకోవచ్చు.

కావాలంటే కొనుక్కోనూ వచ్చు. ఇటలీలో, అమెరికాలో వీటిని చక్కగా చేసి అమ్మే కంపెనీలున్నాయి. అయినా హ్యామ్‌లు దీన్ని ఇంట్లోనే చేసుకుంటారు. డబ్బు మిగులుతుందన్నది నిజమే కానీ, అదొక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ఈ యాంటెన్నా గొప్పతనమంతా డ్రాయింగులో కన్నా చేతిపనిలో ఉంది. ఒకే కొలతలతో ఇద్దరు చేస్తే ఒకరిది పలుకుతుంది, ఇంకొకరిది మూలుగుతుంది.

వలయం కొత్త సంగతేమీ కాదు. 1880ల చివర్లో హైన్‌రిష్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను పట్టింది చిన్న ఖాళీ వదిలిన తీగ వలయంతోనే. ఆ ఖాళీలో నిప్పురవ్వ ఎగిరితే తరంగం అందినట్టు లెక్క. తర్వాత చాలాకాలం వలయాలు వినడానికీ, సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టడానికీ పనికొచ్చాయి. ప్రసారానికి కూడా గట్టిగా పనికొస్తుందన్న ఊపు 1967లో వచ్చింది. అమెరికా సైన్యానికి చేసిన లూప్ గురించి కెనెత్ ప్యాటర్సన్ ఆ ఏడాది 'ఎలక్ట్రానిక్స్' పత్రికలో రాశాడు. 1980ల్లో టెడ్ హార్ట్ అనే అమెరికన్ హ్యామ్ లెక్కలూ కొలతలూ సామాన్యుడికి అర్థమయ్యేలా రాసి దాన్ని ఇళ్లలోకి తెచ్చాడు.

ఇందులో భాగాలు మూడే. పెద్ద వలయం, దాని రెండు కొసల మధ్య ఒక కండెన్సర్, లోపల అడుగున ఒక చిన్న వలయం. రేడియో నుంచి వచ్చే కేబుల్ చిన్న వలయానికే కలుస్తుంది, పెద్దదాన్ని ముట్టుకోదు. పెద్ద వలయం ఒక చుట్టు కాయిల్ కాబట్టి కండెన్సర్‌తో కలిసి ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనెన్స్‌కి వస్తుంది. ఉయ్యాలని సరిగ్గా సమయానికి చిన్నగా తోస్తూ పోతే అది ఎంత ఎత్తుకు లేస్తుందో, చిన్న వలయం అందించే కొద్ది శక్తికి పెద్ద వలయంలో కరెంటు అంతగా పేరుకుంటుంది.

ఎంత పేరుకుంటుందో లెక్కేస్తేనే విషయం బోధపడుతుంది. ఏసీ మెకానిక్‌లు వాడే 5/8 అంగుళం రాగి పైపుతో మీటరు వెడల్పు వలయం చేశామనుకుందాం. 14.1 మెగాహెర్ట్జ్ దగ్గర దాని రేడియేషన్ రెసిస్టెన్స్ 0.09 ఓమ్ మాత్రమే. మామూలు డైపోల్‌కి ఇది 70 ఓమ్‌ల దాకా ఉంటుంది. పది వాట్లు పంపితే వలయంలో దాదాపు 8 ఆంపియర్లు తిరుగుతాయి, కండెన్సర్ రెక్కల మధ్య వోల్టేజి శిఖరం దగ్గర రెండున్నర వేలు దాటుతుంది. పది వాట్ల రేడియో ఇంత వోల్టేజి పుట్టిస్తుందని చాలామంది నమ్మరు, వేలు పెట్టి కాల్చుకున్నాక నమ్ముతారు. ప్రసారం చేసేటప్పుడు వలయానికి ఒకటి రెండు మీటర్లు ఎడంగా కూర్చోవాలి, పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త.

రేడియేషన్ రెసిస్టెన్స్ మన పవర్‌ని ఆకాశంలోకి పంపేది. రాగిలోనూ అతుకుల్లోనూ ఉండే రెసిస్టెన్స్ దాన్ని వేడిగా తినేసేది. మన వలయంలో రాగి వాటా 14 మెగాహెర్ట్జ్ దగ్గర 0.06 ఓమ్. అంటే నూటికి అరవై పాళ్లు బయటికి పోతాయి, చెప్పుకోదగ్గ సంగతే. అదే వలయాన్ని 7 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేస్తే రేడియేషన్ వాటా 0.006 ఓమ్‌కి పడిపోతుంది, రాగి వాటా మాత్రం 0.044 దగ్గర ఉంటుంది. నూటికి పన్నెండు పాళ్లే మిగులుతాయి. ఇప్పుడు ఎక్కడో ఒక అతుకు సరిగ్గా పడక ఇంకో 0.05 ఓమ్ చేరిందనుకోండి. అరవై కాస్తా నలభై ఆరు అవుతుంది, పన్నెండు కాస్తా ఆరు. చవక మల్టీమీటర్ వైర్ల రెసిస్టెన్సే దీనికి కొన్ని రెట్లుంటుంది కాబట్టి ఆ మీటరుతో దొంగని పట్టుకోలేం.

అందుకే ఈ విద్యలో సగం కాలం అతుకు మీదే పోతుంది. నట్టూ బోల్టూ పెట్టి బిగించేస్తే సరిపోతుందనుకునేవాళ్లు మొదటి వానాకాలం దాకా సుఖంగా ఉంటారు. ఆ తర్వాత రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. సరైన పద్ధతి వేరు. పైపు కొసని సుత్తితో నెమ్మదిగా అణిచి చదును చేసి, ఎమెరీ కాగితంతో గులాబీ రంగు తేలేదాకా రుద్దాలి. కండెన్సర్ వైపు నుంచి వచ్చే వెడల్పాటి రాగి పట్టీని కూడా అలాగే రుద్ది, కనీసం అంగుళం మేర ఒకదాని మీద ఒకటి పరిచి, ఫ్లక్స్ రాసి వేడిచేయాలి. టంకాన్ని మంటకి చూపకూడదు, లోహానికి చూపాలి. రాగి తగినంత వేడెక్కితే టంకం దానంతటదే అంచు కిందకి జారి, అవతలి అంచున మెరుస్తూ కనబడుతుంది. అవతల కనబడకపోతే లోపల ఖాళీ ఉన్నట్టే.

దీనికన్నా మేలైనది బ్రేజింగ్. మన ఊళ్లలో అది తెలిసిన మనిషి ఏసీ మెకానిక్కే. ఫ్రిజ్ పైపులకి రోజూ వేసే గ్యాస్ వెల్డింగే ఇదీ, లీకు లేకుండా అతకడం అతని వృత్తి. "ఇందులో గ్యాస్ ఎక్కడ ఎక్కించాలి సార్?" అని అడుగుతాడు, అంతే. పైపు కూడా అతని దగ్గరే దొరుకుతుంది. మెత్తటి రాగి పైపు చుట్టలాగానే వస్తుంది కాబట్టి, దాన్ని మీటరు వెడల్పుకి విప్పుకుంటూ పోతే వలయం చాలావరకు తయారైనట్టే. లావు కడ్డీ ఎందుకు వాడరన్న సందేహానికి జవాబు తేలిక. 14 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైపొరలో, దరిదాపు 18 మైక్రాన్ల మందంలోనే పారుతుంది. లోపలంతా గుల్లగా ఉన్నా నష్టం లేదు, చుట్టుకొలత ఎక్కువ ఉండటమే ముఖ్యం.

కండెన్సర్ సంగతి వేరే కథ. దుకాణాల్లో కొత్తది అడిగితే చేతులెత్తేస్తారు. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీలో పాత సరుకు పెట్టుకున్న కొట్లలోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో నేల మీద పరిచిన పాత సామాన్లలోనో చూడాలి. వాల్వ్ రేడియో ఖాళీ డొక్కు కనబడితే అందులో గ్యాంగ్ కండెన్సర్ ఉందేమో చూసుకోవాలి. ఒకే ఇరుసు మీద రెండు సెట్ల అల్యూమినియం రెక్కలు తిరిగే వస్తువది. రెక్కలు వంగకుండా, ఒకదానికొకటి తగలకుండా తిరిగితే చాలు. మనకి 20 మీటర్ల బ్యాండుకి కావలసింది 48 పికోఫారడ్లు, 40 మీటర్లకి 190. రెండు సెట్లనీ సిరీస్‌లో పెడితే దాదాపు ఆ మేరకు వస్తాయి.

సిరీస్‌లో పెట్టడంలో ఒక తెలివి ఉంది. పాత రేడియోలో తిరిగే రెక్కలకి కరెంటు ఒక ఇత్తడి స్ప్రింగు రాపిడి ద్వారా అందుతుంది. రేడియో వినడానికి అది చాలు. ఎనిమిది ఆంపియర్లకి మాత్రం ఆ రాపిడి చోటే పెద్ద నష్టం. వలయం రెండు కొసలనీ కదలని రెక్కల సెట్లకే టంకం వేసి, ఇరుసుని దేనికీ కలపకుండా వదిలేస్తే కరెంటు స్ప్రింగుని తాకకుండా ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకి ఇరుసు మీదుగానే పోతుంది. వోల్టేజిని కూడా రెండు సందులూ పంచుకుంటాయి. అయినా పాత గ్యాంగ్ రెక్కల సందు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటే ఎక్కువ. ఐదు వాట్లు దాటితే చీకట్లో నీలిరంగు చిటచిటలు చూడొచ్చు. వంద వాట్లకి వెళ్లాలనుకునేవాళ్లు వాక్యూమ్ కండెన్సర్లు వెతుక్కుంటారు. అల్యూమినియం రేకు కత్తిరించి, వెడల్పు సందులతో రెక్కలు పేర్చుకుని బటర్‌ఫ్లై కండెన్సర్ చేసుకునే ఓపికమంతులూ ఉన్నారు. ఒకే ఫ్రీక్వెన్సీ చాలనుకుంటే అర మీటరు ఆర్‌జీ-213 కోయాక్స్ కేబుల్ ముక్క 50 పికోఫారడ్ల కండెన్సరే.

చిన్న వలయం సులువు. పెద్దదానిలో ఐదో వంతు, అంటే 20 సెంటీమీటర్ల వెడల్పు. కోయాక్స్ ముక్కతోనో మందపాటి తీగతోనో చేసి, కండెన్సర్‌కి ఎదురుగా అడుగున కట్టాలి. పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గకపోతే దాన్ని కాస్త కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కడం, కొంచెం జరపడం, అంతే.

ఇంత కష్టపడ్డాక ట్యూనింగ్ దగ్గర అందరికీ విసుగొస్తుంది. మన వలయం 20 మీటర్ల బ్యాండులో ఒక్కసారికి 19 కిలోహెర్ట్జ్‌కే సరిపోతుంది, బ్యాండు మొత్తం 350. ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ కండెన్సర్ తిప్పాలి, అదీ వెంట్రుకవాసి. చేత్తో తిప్పుతుంటే మన ఒంటి కెపాసిటెన్సే ట్యూనింగ్ చెడగొడుతుంది. అందుకే ఇరుసుకి పొడుగాటి ప్లాస్టిక్ కడ్డీ తగిలించి, నెమ్మదిగా తిరిగే గేర్ మోటారు పెడతారు. ముందు చెవితో వెతకాలి. రెజొనెన్స్ వచ్చిన చోట రేడియోలో గరగర ఒక్కసారి లేస్తుంది. అక్కడ ఆపి, తక్కువ పవర్ పెట్టి మీటరు చూస్తూ సర్దుకోవాలి.

కొత్తవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. యాంటెన్నాలని కొలిచే నానో వీఎన్ఏ పరికరం పెట్టి చూసినప్పుడు బ్యాండ్‌విడ్త్ 19కి బదులు 40 కిలోహెర్ట్జ్ కనబడితే, ఇక తరచూ ట్యూన్ చేసే బాధ తప్పిందని సంబరపడతారు. ఏడవాల్సిన చోటది. లెక్కకి మించిన వెడల్పంతా ఎక్కడో వేడిగా పోతున్న పవరే. మల్టీమీటర్ పట్టలేని దొంగని ఈ కొలత పట్టిస్తుంది.

లూప్ గురించి చెప్పే గొప్పల్లో కొన్ని కోసేయాలి. రణగొణ ధ్వని దీనికసలు వినబడదంటారు, ఎల్ఈడీ బల్బుల గోల, ఇన్వర్టర్ గోల దీనికీ వినబడతాయి. కాకపోతే వలయం నిటారుగా నిలబడినప్పుడు దాని ముఖం చూసే రెండు దిక్కుల్లో పదునైన మూగచోటు ఉంటుంది. పక్కింటి చార్జర్ వైపు ఆ ముఖం తిప్పి పెడితే గోల బాగా తగ్గుతుంది. అంతకుమించి మహిమలు లేవు. 40 మీటర్ల బ్యాండులో నూటికి పన్నెండు పాళ్లే బయటికిపోయినా నిరాశ పడక్కర్లేదన్నది కూడా చెప్పాలి. అది 9 డెసిబెల్స్ నష్టం, అవతలివాడి మీటరు మీద ఒకటిన్నర గీత. మాటకి కష్టం కావచ్చు, మోర్స్‌కీ, ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతికీ కాదు.

యాంటెన్నా ఇంట్లో చేసుకున్నవాళ్లకి రేడియో కూడా చేసుకోవాలనిపిస్తుంది. ఈ విషయంలో హైదరాబాద్‌కి ప్రపంచ హ్యామ్‌లలో ఒక పేరుంది. ఇరవయ్యేళ్ల కిందట ఇక్కడి అష్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ, బిట్ఎక్స్ అనే ట్రాన్సీవర్ డిజైన్ చేసి ఎవరైనా చేసుకోవచ్చని వదిలేశాడు. ప్రసారానికీ వినడానికీ ఒకే ఆంప్లిఫయర్లు అటూ ఇటూ పనిచేస్తాయి. 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్‌తో ఫిల్టరు, చివర స్విచింగ్ పనులకి వాడే చవక ట్రాన్సిస్టర్ ఐఆర్‌ఎఫ్510, కాయిల్ చుట్టడానికి ఉంగరం లాంటి టొరాయిడ్ దొరక్కపోతే కుళాయిలో వేసే వాషర్! విదేశాల నుంచి భాగాలు తెప్పించుకోలేని మనిషి కోసమే ఆలోచించిన డిజైన్ అది. 2016లో బిట్ఎక్స్40 బోర్డులు వచ్చాక, వాటి కాయిల్స్ హైదరాబాద్ మహిళల చేతుల మీదుగా తయారై చాలా దేశాలకి వెళ్లాయి. ఐదారు వాట్లు ఇచ్చే ఆ రేడియోకీ, ఐదు వాట్లు దాటితే చిటచిటలాడే గ్యాంగ్ కండెన్సర్ లూప్‌కీ జోడీ బాగా కుదిరింది.

హ్యామ్ రేడియో ఎందుకని ఎవరైనా అడిగితే అందరూ విపత్తుల గురించి చెబుతారు. అది నిజం. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి ప్రసారాలు చేస్తున్న భారతి ప్రసాద్ బృందం, సునామీ వచ్చాక అక్కడి కబుర్లు బయటికి చేరవేసింది. వాళ్లు వాడింది లూప్ కాదు, ఇంట్లో చేసిన రేడియో కూడా కాదు. అందుకని విపత్తుని అడ్డం పెట్టుకుని రాగి పైపు కొనడాన్ని సమర్థించుకోవడం నాకంత నచ్చదు. చేత్తో చేసుకోవడంలోని లాభం ఇంకొకటి. 0.05 ఓమ్ తేడాని పట్టించుకోవడం అలవాటైన మనిషి యాంటెన్నా తెగినా, కనెక్టర్ తడిసినా ఎక్కడ చూడాలో తెలిసినవాడు. పుస్తకం చదివి లైసెన్సు పరీక్ష నెగ్గితే ఈ తెలివిడి రాదు.

మొదలుపెట్టేవాళ్లు 20 మీటర్ల బ్యాండుతోనే మొదలుపెట్టాలి. 40 మీటర్ల మీద ప్రతి చిన్న తప్పుకీ జరిమానా ఎక్కువ. లైసెన్సు చేతికొచ్చేదాకా వినడానికి వాడుకోవచ్చు. వచ్చాక, లూప్ బాగా పనిచేస్తోందో లేదో అయనావరణం మూడ్‌తో కలగాపులగం కాకుండా తేల్చుకోవడానికి విస్పర్ ఉంది. 1993లో భౌతికశాస్త్రం నోబెల్ అందుకున్న జో టేలర్ చేసిన ప్రోగ్రాం అది. ఒకటి రెండు వాట్లతో దాదాపు రెండు నిమిషాల సంకేతం పంపితే, విన్న స్టేషన్లు ఎన్ని డెసిబెల్స్‌లో విన్నాయో నమోదు చేస్తాయి. ఒకసారి లూప్ మీద, వెంటనే ఇంకోసారి టెర్రస్ మీద తాత్కాలికంగా కట్టిన డైపోల్ మీద, ఇలా మార్చి మార్చి ఒక సాయంత్రం పంపి, ఒకే స్టేషన్ ఇచ్చిన అంకెలు పోల్చుకోవాలి. లెక్క ప్రకారం లూప్ నష్టం 20 మీటర్లలో రెండున్నర డెసిబెల్స్ లోపు. బాల్కనీ ఎత్తు తక్కువ, చుట్టూ గోడల్లో ఇనుప చువ్వలు కాబట్టి ఇంకో మూడు నాలుగు వదిలేయొచ్చు. తేడా పదికి పోతే ఎమెరీ కాగితం, టార్చి తీసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.