అరస్తూ 'ట్రాజెడీ' విషాదాంతమేనా?

అరిస్టాటిల్ (అరస్తూ) కావ్యశాస్త్రంలోని 'ట్రాజెడీ'కి తెలుగులో 'విషాదాంత నాటకం' అనే మాట స్థిరపడింది. మాట సులువుగానే ఉంది గాని, మూలానికి న్యాయం చేయదు. ఆరవ అధ్యాయంలో అరస్తూ ఇచ్చిన నిర్వచనంలో ముగింపు ప్రసక్తే లేదు. గంభీరమూ సంపూర్ణమూ అయిన ఒక కార్యానికి అనుకరణ, జాలినీ భయాన్నీ రేకెత్తించి ఆ భావాలను ప్రక్షాళన చేసేది అని మాత్రమే ఆయన అన్నాడు.

'అనుకరణ' మీద గురుశిష్యులకు పొత్తు కుదరలేదు. అఫ్లాతూన్ దృష్టిలో వడ్రంగి చేసిన మంచం అసలు మంచానికి నకలు. చిత్రకారుడు గీసిన మంచం ఆ నకలుకు నకలు. అటువంటి నకళ్ళ కవికి తన ఆదర్శరాజ్యంలో చోటు లేదన్నాడు. పసివాడు తొలిపాఠాలు అనుకరణ వల్లనే నేర్చుకుంటాడనీ, చరిత్రకారుడు జరిగినది చెబితే కవి జరగగలది చెబుతాడనీ అరస్తూ అభిప్రాయం.

ఈ గ్రంథాన్ని సిరియాక్ నుండి అరబీలోకి తెచ్చినవాడు అబూ బిష్ర్ మత్తా (మరణం 940). ట్రాజెడీని 'మదీహ్' (స్తుతి) అనీ, కామెడీని 'హిజా' (నింద) అనీ తర్జుమా చేశాడు. గ్రీకు నాటకశాలను కంటితో చూడనివాడు అంతకంటె ఏం చేయగలడు? ఇబ్నె సీనా ఆ గ్రీకు మాటనే అరబీ లిపిలో ఉంచి మంచిపని చేశాడు. ఇబ్నె రుష్ద్ (1126–1198) మాత్రం మత్తా బాటనే నడిచాడు. అయినా దుఃఖాన్నీ భయాన్నీ అమితంగా కలిగించే వృత్తాంతంగా ఆయన పేర్కొన్నది, కుమారుని విషయంలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అ)కు వచ్చిన ఆజ్ఞను. పేరు తప్పింది గాని చూపు తప్పలేదు. ఆ వృత్తాంతం విషాదంగా ముగియదు కదా! అరస్తూ సైతం పదునాలుగవ అధ్యాయంలో, తెలియక తమ్ముణ్ణి బలి ఇవ్వబోయి గుర్తుపట్టి ఆగిన ఇఫిజెనియా వంటి కథకే అగ్రస్థానం ఇచ్చాడు. (పదమూడవ అధ్యాయంలో దుఃఖాంతాన్నే మెచ్చాడు, ఈ రెండింటికీ సమన్వయం కుదర్చటం పండితులకు పెద్ద పని.) అయితే హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) తెలిసే సిద్ధపడ్డారు, ఇఫిజెనియాకు తెలియదు. ఈ తేడాను ఇబ్నె రుష్ద్ అంతగా పట్టించుకోలేదు.

మత్తాకు ఉన్న సాకు తెలుగువారికి లేదు. నాటకం మనకు కొత్తది కాదు. సారపాకలో వంతెన దాటితే భద్రాచలం. అక్కడి రామదాసు కథ ఈ ప్రాంతంలో మతభేదం లేకుండా అందరికీ తెలుసు. చరిత్రను అటుంచి, జనం చెప్పుకునే కథనే తీసుకుందాం. పాల్వంచ పరగణా తహసీలుదారు గోపన్న, ఖజానాకు చేరవలసిన సొమ్మును అనుమతి లేకుండా ఆలయానికి వెచ్చించాడు. అతడు దుర్మార్గుడు కాడు. పొరపాటు మాత్రం పెద్దది. అరస్తూ 'హమార్తియా' అన్నది దాదాపు ఇదే. గోల్కొండ చెరలో అతని బాధ జాలి పుట్టిస్తుంది. కాని కథలో అసలు 'గుర్తింపు' గోపన్నది కాదు, తానీషాది (అబుల్ హసన్, పాలన 1672–1687). సొమ్ము చెల్లించి వెళ్ళిన ఇద్దరు సేవకులు ఎవరో గ్రహించి, తాను శిక్షించినది ఎలాంటివాణ్ణో తెలుసుకుని విడిపించేది ఆయనే. తానీషాను కేవలం క్రూరుడిగా చూపే ప్రదర్శనలు కథలోని ఈ కీలకాన్నే పోగొట్టుకుంటాయి.

'విషాదాంతం' కొలబద్దతో కొలిస్తే ఈ కథ అసలు చర్చకే రాదు. అరస్తూ కొలతకు చర్చకు వస్తుంది, అయితే ఒక ఆక్షేపణతో: చిక్కుముడి కథలోనుండే విడిపోవాలి గాని దైవం దిగివచ్చి విప్పరాదని పదిహేనవ అధ్యాయంలో ఆయన నియమం. గోపన్న బాకీ తీర్చింది గోపన్న కాదు.